తలమంచి దాటాక, రెండు గంటల బ్లాకు

రా పెంచలయ్యా, ఈడ నిలబడు.
ఆడ కాదు. ఆ పక్క లైను బతికే ఉండాది.
మనకిచ్చింది ఒక్క లైనే,
ఒంటిగంటా నలభై నుంచి మూడూ నలభై దాకా.

రొయ్యల గుంటల్లో గాలి కొట్టే చక్రాలు
ఇనపడతా ఉండాయా?
ఇంజను వేశాక ఇనపడవు.
ఇంజను వేశాక ఏదీ ఇనపడదు,
నీ వెనక వచ్చే బండి కూడా.
అందుకే ఆడ కోటమ్మ.
ఆమె నోట్లో విజిలు, విజిల్లో మనం.
ఊదితే ఎందుకని అడగొద్దు.
ముందు గట్టు దిగు, తర్వాత అడుగు.

ఇవి మెషిను వేళ్ళు. లెక్కపెట్టుకో, ముప్పైరెండు.
స్లీపరుకు ఇటూ అటూ కంకరలోకి దిగుతాయి.
అంతకుముందే లైనును పైకెత్తి పట్టుకుంటుంది,
రెండు వేళ్ళ మందం, కొన్ని చోట్ల అదీ ఉండదు.
వంకరుంటే పక్కకు జరుపుతుంది.
స్లీపరు కింద మిగిలేది బోలు.
ఆ బోల్లోకి రాయిని తోలాలి.

కోవూరులో మా మేనత్త బియ్యం అమ్మేది.
మానిక నింపి అరచేత్తో పక్కన తట్టేది,
గింజలు సర్దుకుని ఇంకో గుప్పెడికి చోటిచ్చేవి.
‘తడితే మనకు నష్టం, తట్టకపోతే వాళ్ళకు’ అనేది,
తట్టే పోసేది.
అంతే, ఇందులో ఉన్న చదువంతా.
సెకనుకు ముప్పైఐదు సార్లు వణికిస్తే
రాయి కాసేపు తాను రాయినని మరిచిపోతుంది,
నీళ్ళలా జరుగుతుంది.
అప్పుడు వేళ్ళు దగ్గరికొచ్చి నొక్కుతాయి.
వదిలేస్తే మళ్ళీ రాయి.
ఎక్కువ నొక్కావా, పిండి.
పిండి వానకు బురద,
బురదైతే ఆర్నెల్లకు మళ్ళీ మనమే.

నా ఎడమ చెయ్యి చూస్తా ఉండావు.
అందరూ ఒకసారి చూస్తారు, నువ్వూ చూసెయ్.
దానికి ముప్పైరెండు, నాకు ఎనిమిది.
బిట్రగుంట యార్డులో, పట్టపగలు,
అరిగిన వేలు మారుస్తా ఉంటే.
తాళం వేశాననుకున్నా.
ఇంజను ఆపినా నూనెలో ఒత్తిడి ఆగదబ్బయ్యా.
ఆగిన మెషిను నిద్రపోయిన మెషిను కాదు.

పైన తీగ. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు.
గడపార భుజాన నిలువుగా పెట్టకు.
దుమ్ముకు తువ్వాలు చాలదు, మాస్కు కట్టు.
సున్నం గీసిన చోట వేళ్ళు దించను, కింద కేబుళ్ళు.
ఒకసారి దించా.
కావలి దాకా సిగ్నళ్ళన్నీ ఎర్రబడ్డాయి,
నా మొహం కూడా.

మూడూ పది.
ఇంక కొత్త పని లేదు, కలపడమే.
ఎత్తింది ఎత్తినట్టు వదిలితే మెట్టవుతుంది,
కొంచెం కొంచెంగా పాత ఎత్తుకు దించుకుంటా పోవాలి.

ఇప్పుడొక మాట చెప్తా, ఎవరూ నమ్మరు.
మనం బాగుచేసిన లైను ఈ నిమిషాన
చెయ్యని లైను కంటే బలహీనం.
రాళ్ళకు ఒకదానితో ఒకటి ఇంకా పరిచయం కాలేదు.
రేపు మధ్యాహ్నం పట్టా ఎండకు సాగితే
పక్కకు పోకుండా ఆపే పట్టు తక్కువ.
నెల్లూరు ఎండ సంగతి నీకు నేను చెప్పాలా.
అందుకే రాత్రి పని, అందుకే పసుపు బోర్డు,
అందుకే మొదటి బండి
బాలింత నడిచినట్టు నడవాలి.
తొక్కేకొద్దీ గట్టిపడుతుంది.
దీన్ని పాడుచేసేదీ బండే, దీనికి మందూ బండే.

విజిలు. దిగు.
గూడ్సు వస్తా ఉండాది.
చక్రాలను చూడకు, స్లీపర్లను చూడు.
కిందికి పోయి పైకి రావడం లేదు కదా?
ఆ మూడోది?
...కొంచెం.
రాసుకో, స్తంభం నంబరుతో సహా.
రేపు ఇంకో అరగంట అడుక్కుందాం.

వెళ్ళిపోయింది. వెనక ఎర్ర దీపం కూడా పోయింది.
రొయ్యల గుంటల చక్రాలు,
ఇప్పుడు ఇనపడతా ఉండాయా నీకు?

నాకు కుడి చెవిలోనే.