పదకొండో రోజు పిల్ల

తిరుపతి పశువైద్య కళాశాల, వెనక గది.
ఊకవాసన, ఏసీ రొద.
ఎలుకల బోన్లు కడగడం నా పని.
తోకల మీద నల్ల ఇంకు గీతలు,
అవే వాటి వయసు.

ఒకటే మందు.
అరవై రోజులది మీసం దులుపుకుని
మళ్ళీ గింజ కొరుక్కుంటుంది.
పదకొండో రోజు పిల్ల,
కళ్ళైనా విప్పలేదింకా,
నాలుగు కాళ్ళతో గాలిని ఈదుతుంది.

ఎందుకు మేడం, అన్నాను.
స్టాప్‌వాచ్ మీంచి చూపు తీయకుండా హిమజ మేడం:
"కొండ బస్సనుకో దొరసానీ.
ఇంజను ముందే బిగించేశారు, బ్రేకింకా షెడ్డులోనే ఉంది.
ఉన్న ఆ కాస్త బ్రేకూ
ఈ వయసులో తొక్కితే వేగమే పెంచుద్ది."
నవ్వొచ్చింది.
మా నాయన ఇరవయ్యేళ్ళు ఘాట్ రోడ్డులో తోలినోడు.

మరి పెద్దదానికి రాదా?
"అంత తేలిగ్గా రాదు.
వస్తే మాత్రం లోపల కొన్ని దీపాలు మళ్ళీ వెలగవు.
పిల్లదైతే చాలాసార్లు లేచి పాలు తాగుద్ది."

నాకూ వచ్చేదంట మూడేళ్ళప్పుడు,
ఒళ్ళు కాలితే చాలు.
గుప్పిట్లో బీరువా తాళాలు కుక్కి
గంగమ్మకు మొక్కుకునేదంట అమ్మ.
ఆరేళ్ళకి ఆగిపోయింది.
తాళాలా, గంగమ్మా, బ్రేకు కుదురుకుందా,
ఎవరికి తెలుసు?
అమ్మ ఇప్పటికీ జాతరకి పొంగళ్ళు పెడుతుంది.

ఇవాళ పిల్ల ఎంతకీ ఆగలేదు.
బోను తాళంచెవి తీసి
దాని పాదం పక్కన పెట్టాను.
పాదం కన్నా తాళంచెవే పొడుగు.

మేడం చూసింది.
ఏమీ అనలేదు.
తొంభై రెండు సెకన్లు, అని రాసుకుంది.