ఏకిన చక్కెర

షుగర్ మీద పీహెచ్‌డీ అన్నాను, అంతే.
సాయంత్రానికి మా గుమ్మంలో
నలుగురు రిపోర్టులు పట్టుకుని నిలబడ్డారు.
పరగడుపున నూట ఎనభై అట,
అన్నం మానెయ్యమంటావా అని వెనకింటి బాజీబీ.
ఆ షుగర్ కాదు పిన్నీ,
ఇది బాక్టీరియా ఒంటిమీది చక్కెర.
"దానిక్కూడా వచ్చిందా!" అని
చెంగు నోటికి అడ్డం పెట్టుకుని
వీధి చివరిదాకా నవ్వుకుంటూ పోయింది.

మిర్చి సీజన్లో గుంటూరు బస్సంతా తుమ్ముతుంది.
పెదకాకాని దాటాక కాస్త తెరిపి.
యూనివర్సిటీ గేటు దగ్గర నేనూ నా క్యారేజీ దిగుతాం.
ల్యాబు సీసాల మీద నాకంటే ముందొచ్చినవాళ్ళ చేతిరాతలు
సగం వెలిసి, సగం కారి.
మేడమ్ మొదటిరోజు అడిగింది ఒక్కటే:
"అరిసెల పాకం పట్టడం వచ్చా?
అయితే నువ్వు తొందరపడవు."

తొందరపడ్డాను.
ఈ చక్కెరకి రంగు లేదు, కంటికి ఆనదు.
పలక మీద చుక్క పెట్టి, ఆసిడ్ చల్లి, వేడి చేస్తే
నల్లగా మాడి అప్పుడు చెబుతుంది,
ఇక్కడున్నానని.
మొదటి రెండు నెలలూ నేను చూసింది బొగ్గునే.

పుస్తకంలో ఉన్నది నాకు అర్థమైంది ఇలా.
క్రిమి చక్కెర పోగుల్ని పొర మీద పొర పరిచి
రజాయి కప్పుకుంటుంది.
నెత్తుట్లో కాపలా తిరిగే కణాలు పట్టబోతే
జారిపోతుంది.
పెద్ద ఒళ్ళు ఎలాగో ఆనవాలు పడుతుంది గానీ
రెండేళ్ళు నిండని పసి ఒంటికి
చక్కెర ఒక్కదాన్నే చూపిస్తే గుర్తుండదు.
పక్కన ఒక ప్రోటీన్‌ని తోడిచ్చి పంపాలి,
బడికి అక్క చెయ్యి పట్టించి పంపినట్టు.
నా వంతు ఆ రజాయిలో జానెడు ముక్క.
ఒక్కో చక్కెరకీ నాలుగైదు చేతులు,
పట్టుకోవాల్సిన చెయ్యి తప్ప
మిగతావన్నీ మూటగట్టాలి.
పైకి చూడాల్సింది కిందికి చూసిందా,
మూడు వారాలు సింకులో.

తాత దూది ఏకే విల్లు ఇంకా అటక మీదే ఉంది, నారి తెగి.
పొన్నూరు రోడ్డు కొట్లో నాన్న ఇప్పుడు మిషన్ మీద ఏకుతాడు.
దూది కూడా చక్కెరే నాన్నా, గొలుసు కట్టిన చక్కెర అంటే
చిన్న పింజ తుంచి నాలుక మీద పెట్టుకుని
కాసేపు ఆలోచించి
"చప్పగా ఉందే" అన్నాడు.

తాతకి శనివారం దగ్గు.
శుక్రవారం కొట్టు మూసి, నమాజుకెళ్ళి,
ఒక్కరోజు ఊపిరి తేరుకుని
మర్నాడు విల్లు పట్టగానే
ఛాతీ మీద ఎవరో మూట దించినట్టు.
వయసన్నారు. బీడీలన్నారు.
తాత బీడీ ముట్టలేదు.

నిన్న లైబ్రరీ మూసే వేళకి
పాత పత్రిక వెనక పేజీల్లో దొరికింది:
పత్తి దుమ్ములో క్రిములుంటాయి.
చచ్చినా వాటి గోడల్లో చక్కెరా కొవ్వూ మిగిలి
ఊపిరితిత్తుల్ని యుద్ధానికి లేపుతాయి.
సెలవు తర్వాతి రోజున మరీ.

సెలవు తర్వాతి రోజున.
ఆ ముక్క కింద పెన్సిల్‌తో గీశాను,
గీయకూడదని తెలిసీ.
నాన్నకింకా చెప్పలేదు.
మాస్కుల పెట్టె ఒకటి కొని మిషన్ పక్కన పెట్టాను.
దాని మీద ఆయన టీ గ్లాసు పెట్టుకుంటున్నాడు.

ఇవాళ నా ముక్క తయారైంది.
నీరంతా గడ్డకట్టి ఆవిరైపోయాక
సీసా అడుగున తెల్లగా, పొంగి,
పదకొండు మిల్లీగ్రాములు.
అచ్చం అప్పుడే ఏకిన దూది.
ఎగిరిపోతుందని
ఊపిరి బిగబట్టి మూత బిగించాను.
చీటీ మీద తారీకు రాశాను.
శనివారం.