ఒక హద్దు దాకా

రాణిగంజ్‌లో మా బేరింగుల దుకాణం ముందు
ఇనుప చువ్వల తోపుడుబండి.
రాత్రంతా వానకు తడిసి అక్కడే ఉండిపోయింది.

ఖుద్దూస్ భాయి భుజం ఆనించాడు.
మెడ మీద నరం తేలింది.
ఇరుసు మాత్రం నిన్నటి మాట మీదే ఉంది.

"జర ఆగు భాయ్" అని గ్రీజు డబ్బా తెచ్చాను.
వేలితో పూస్తే మింగింది,
ఉలకలేదు.

లెక్కలు రాసేవాణ్ణి, నాకు తెలిసిందింతే:
ఎంత తోస్తే అంతా తిరిగి తోస్తుంది,
రూపాయికి రూపాయి, బాకీ పెట్టకుండా,
ఒక హద్దు దాకా.
ఆ హద్దు ఏ చిట్టాలోనూ రాసుండదు.

అతను చెప్పులు విడిచాడు.
తడి బండల్లో బొటనవేళ్లు గుచ్చి
మళ్లీ వంగాడు.

కిర్రు.
ఒక్క అంగుళం.

ఇక బండికే తొందర.
"అరె, ఠైర్!" అని తిడుతూ
వెనక అతను, సగం పరుగు.

చెప్పులు ఇక్కడే మరిచాడు.
మధ్యాహ్నం దాకా వాటినే చూస్తూ కూర్చున్నాను:
చక్రాన్ని పట్టి ఆపిన గరుకే కదా
అతని పాదాన్నీ పట్టింది.
నేల నున్నగా ఉంటే
తోసేవాడికి ఆనుకోవడానికి ఏముంది?

బండి నిలబడ్డ చోట
వరసగా తుప్పు నీళ్ల చుక్కలు.
తుడవబోయి ఆగాను.
వేలికింకా గ్రీజు.