చిన్న కప్పు

బ్లైనైలో ఆ వారం కూడా వాన.
కొండలన్నీ పలకరాయి,
ఊరంతా ఎవరో ఉమ్ము రాసి తుడిచిన పలకలా ఉంది.
ఇద్వాల్ వెనకగదిలో టార్చి పట్టుకోవడం నా పని.

బల్లకి ఈ చివర ఆమ్‌స్ట్రాడ్, ఆకుపచ్చ చూపు.
ఆ చివర డాస్ ల్యాప్‌టాప్, ఇటుకంత బరువు.
దీని డిస్కు మూడంగుళాలు,
దానికి మూడున్నర తప్ప లోకం తెలీదు.

మధ్యలో ఎలినెడ్, పైకప్పుల మేస్త్రీ,
బూట్లకి ఇంకా నాచు.
"చాపెల్ కారుతోంది. ఏ పలక వేశాడో, ఏ మేకు కొట్టాడో
తెగ్విన్ ఇందులోనే రాసుకున్నాడు."
తెగ్విన్ ఆమెకి నిచ్చెన ఎక్కడం నేర్పినవాడు.
నోటితో చెప్పేవాడు కాదు, రాత్రిళ్ళు టైపు చేసేవాడు.
పోయిన మార్చిలో పోయాడు.

డ్రైవు లోపలి బెల్టు ముదురుపాకమైంది.
ఇద్వాల్ దూదితో, స్పిరిటుతో గీకి గీకి
కొత్త రబ్బరు తొడిగాడు. సరిపోలేదు.
ఇంకోటి. అదీ కాదు.
మూడోసారి లోపల ఏదో గొంతు సవరించుకుంది.

ఇక్కడి డిస్కు అక్కడ పట్టదు,
పట్టినా చదవదు, చదివినా అర్థం కాదు.
అందుకని తీగ, తీగలో ఒక మెలిక:
రెండోది మూడోదానికి, మూడోది రెండోదానికి.
"సూటిగా కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, ఇద్దరూ వినరు.
ఒకరి నోరు ఇంకొకరి చెవికి వెళ్ళాలి" అన్నాడు
టంకం పొగకి కళ్ళు చికిలించి.
వంటింట్లోంచి అతని భార్య దగ్గింది.

వేగం తగ్గించారు. ఇంకా తగ్గించారు.
ఒక్కో అక్షరం చీకట్లో గోడ పట్టుకు నడిచే మనిషిలా వచ్చింది.
డచెస్. కౌంటెస్. లేడీ.
పలకల సైజులకి అక్కడ దొరసానుల పేర్లు.
చాపెల్, ఉత్తరపు వాలు, రాగి మేకులు!
ఎలినెడ్ అరచేతి మీద రాసుకుంది.
చివరి ఫైలు దాటగానే డిస్కు గరగరమని
ఇక ఎంత అడిగినా పలకలేదు.

వచ్చిన పని అయింది. వెళ్ళిపోవచ్చు.
ఆమె తెర మీదకి వంగి
"ఇళ్ళకి కప్పులేవీ?" అంది.

వాళ్ళ రాతలో అచ్చు సాగితే నెత్తిన ఒక గూడు గుర్తు.
తో బాఖ్ అంటారు, చిన్న కప్పు అని.
మన తలకట్టేమో అనుకున్నాను. కాదు, దీర్ఘం.
డాస్‌కి ఏ మీద కప్పు వేయడం వచ్చు, ఓ మీద వచ్చు,
డబ్ల్యూ మీదా వై మీదా ఎవరూ నేర్పలేదు.
అందుకని ఇల్లు అనే మాట బోడినెత్తితో వచ్చింది.
నీళ్ళు అనే మాటా అంతే.
నీళ్ళని వాళ్ళు దూర్ అంటారు.
మన దూరడమే, సందు దొరికితే చాలు.

నలభై ఏళ్ళు కప్పులు వేసినవాడి
మూడువందల పదకొండు ఇళ్ళు
ఒక్కదానికీ కప్పు లేకుండా
ఆ రాత్రి తీగలోంచి దిగి నిలబడ్డాయి.

"చిన్న ప్రోగ్రాం రాస్తే అన్నీ ఒకేసారి ఎక్కుతాయి" అన్నాడు ఇద్వాల్.
ఎలినెడ్ వినలేదు. ప్రింటు తీయించి
నల్లపెన్నుతో, పలకలు పరిచినట్టే
పేజీ అడుగు వరస నుంచి పైకి
ఒక్కో ఇంటికీ వేసుకుంటూ పోయింది.
కొన్నిటి దగ్గర నవ్వింది. ఎందుకో చెప్పలేదు.

తెల్లవారగట్ల ఒకచోట పెన్ను ఆగింది.
ఎనభైతొమ్మిది నవంబరు, గాలివాన మర్నాడు,
పొలంలో ఒంటరి ఇల్లు, కప్పులోంచి లోపలికి పడ్డది...
ఆ తర్వాత ఒక మాట.
డబ్ల్యూ మీద కప్పు పెడితే పెద్దబాతు,
వై మీద పెడితే చెట్లు.

"గాలివానకి చెట్లే పడతాయి" అన్నాడు ఇద్వాల్.
"చెట్లయితే నాలుగు పలకలతో పోతుందా?
నాలుగే రాశాడు చూడు."
"కొమ్మేమో."
"కొమ్మ అయితే కొమ్మ అనేవాడు."

కాసేపు ముగ్గురం ఆ ఇంటి కింద నిలబడి
పైకి చూశాం.

ఆమె పెన్నుకి మూత పెట్టింది.
ఆ ఒక్క మాటనీ వానకి వదిలేసింది.
చాపెల్ పనయ్యాక అటు వెళ్ళి అడుగుతానంది,
అడగడానికి అక్కడ ఎవరైనా ఉంటే.