పలక మీద వారం

మా ఊళ్లో ఏ వారం ఏం జరుగుతుందో
పలక మీద రాసి పెడతారు.
ఒళ్లో పెట్టుకునే పలక కాదు,
తలుపంత పలక, కొండ కడుపులోంచి కోసుకొచ్చింది.
గ్రంథాలయం గోడకి చేరగిలబడి ఉంటుంది.

రాసేది నేను.
చెరిపేది వాన.
ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే కొలువు,
ఇద్దరికీ జీతం లేదు.

వేల్స్‌లో ఎక్కడో మూలనున్న ఈ లోయకి
కుమ్ గారెగ్ అని పేరు, అంటే రాతిలోయ.
ఇళ్ల కప్పులు ఆ రాయే,
గుమ్మం ముందు మెట్టు ఆ రాయే,
చివరికి మన పేరు చెక్కేదీ దాని మీదే.
గని మూతపడి ఎన్నాళ్లయిందో
వేళ్ల మీద లెక్కపెట్టే వాళ్లు కూడా
వేళ్లతో సహా వెళ్లిపోతున్నారు.

సోమవారం పొద్దున్నే రాశాను:
మంగళవారం ఆరింటికి బ్యాండు సాధన, పాత ఫైరింజన్ షెడ్డులో.
బుధవారం బొమ్మలు గీయడం, చేపల కొట్టు మేడ మీద,
పెన్సిల్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.
శుక్రవారం లూనెడ్ కవిత్వం.
శనివారం ప్రార్థన మందిరంలో గాయకబృందం, తర్వాత టీ.
టీ అన్నది మాత్రం జానెడంత రాశాను.
టీ లేకపోతే పాటకి చెవులు రావు. అనుభవం.

మధ్యాహ్నానికల్లా నా సహోద్యోగి వచ్చింది,
వచ్చి, అడ్డంగా, ఆబగా చదివింది.
పోయాక చూస్తే మిగిలింది ఇంతే:
మంగళవారం ఆరింటికి పాత చేపల తెచ్చుకోవాలి టీ.

తిరిగి రాసేలోపే ఊరు చదివేసింది.

షెడ్డుకి ముగ్గురు పాత గాలాలు పట్టుకొచ్చారు.
ముసలి నెస్టా తగరం డబ్బాలో సార్డీన్లు తెచ్చి
ఇవి మరీ పాతవి కావు, సరిపోతాయా అంది.
బ్యాండు మాస్టరు ఎమ్లిన్ ఏమీ అడగలేదు,
కుర్చీలు చూపించాడు.
ఆ రాత్రి ట్రాంబోన్ అపశ్రుతి పలికినప్పుడల్లా
గాలాల వాళ్లు చప్పట్లు కొట్టారు.
తప్పుకి కూడా తల ఊపే వాళ్లు దొరికితే
ఏ వాద్యగాడు వదులుకుంటాడు?

బుధవారం నేను వెళ్లలేదు, మోకాలు.

శుక్రవారం కవిత్వానికి వచ్చింది ఒక్కడే,
అతనూ రేడియేటరు బాగుచేయడానికి వచ్చాడు.
లూనెడ్ చదువుతూనే ఉంది.
డెర్వెల్ గొట్టాన్ని కొడుతూనే ఉన్నాడు.
తాళం వేశాడని ఆవిడ,
లీకు ఎక్కడుందో వెతికానని ఆయన.
ఏదైతేనేం, చివరి కవిత దగ్గర గది వెచ్చబడింది.

ఇక శనివారం.
ఒకప్పుడు అరవై గొంతులుండేవి,
ఇప్పుడు పదకొండు.
వెనక వరసలో కింది స్థాయి పాడేవాడు ఇడ్వల్ ఒక్కడే,
ఆయనా పాడడు.
ముప్పై ఏళ్లు ఆయన కొండలోకి వెళ్లాడు,
ఆ తర్వాత కొండ ఆయనలోకి వచ్చి కూర్చుంది.
అయినా కోటు బొత్తాలు పెట్టుకుని వస్తాడు,
పాట పుస్తకం తెరుస్తాడు,
పుట తిప్పాల్సిన చోట తప్పకుండా తిప్పుతాడు.

ఒక చోట కింది గొంతు ఒంటరిగా సాగాలి,
నాలుగు ఆవర్తాలు.
అక్కడ మిగతా పది గొంతులూ ఆగుతాయి.
వేరేవాళ్లతో పూరించమని పట్నం నుంచి వచ్చిన కుర్రాడొకడు సలహా ఇచ్చాడు,
అతనికి టీ ఇచ్చి పంపించారు.

ఆ నాలుగు ఆవర్తాల్లో
ఇడ్వల్ ఊపిరి వినిపిస్తుంది.
గరగరా, ఆగి ఆగి,
పలక మీద బలపం జారుతున్నట్టు.
లోపల ఎవరో
ఇంకా ఏదో రాస్తున్నట్టు.
నెస్టా కూడా దగ్గు ఆపుకుంది.

తర్వాత పాట అందుకుంది.
తర్వాత టీ. పాలు చాల్లేదు.

ఆదివారం గురించి నేనెప్పుడూ ఏమీ రాయను.

ఈ సోమవారం పలక తుడుస్తుంటే
ఇడ్వల్ అటుగా వచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.
ఎందుకనిపించిందో, సుద్ద చేతికిచ్చాను.
చాలాసేపు ఆ రాతివైపే చూశాడు,
పాత పరిచయస్తుణ్ణి పలకరించాలా వద్దా అన్నట్టు.
చివరికి వంకరగా ఒకే ఒక్క లైను రాశాడు:
కుర్చీలు ఇంకొన్ని వెయ్యండి.

సాయంత్రమైంది.
వాన ఇంకా రాలేదు.