సున్నం

హెబ్రిడీస్ దీవిలో సెప్టెంబరు తెల్లవారుజాము.
కొండవాలంతా బొరియలు,
బొరియకో కడలిపక్షి పిల్ల,
తల్లికన్నా బరువెక్కి, ఎగరడం ఇంకా రాక.
మర్డీనా భుజం దాకా మట్టిలోకి చెయ్యి పెట్టి
తడిమి లెక్క చెబుతుంది.
నేను తడిసిన పుస్తకంలో గీతలు గీస్తాను.

నూట పదకొండో గీత దగ్గర
మంచు కాస్త పక్కకి జరిగి, లేడి.
ఆకు కదిలినా దౌడు తీసే జాతి.
ఇది కదల్లేదు.
నోట్లో ఏదో మెదులుతోంది. గడ్డి అనుకున్నాను.
గడ్డి కరకరలాడదు.

భోజనమయ్యాక తాంబూలం నమిలినంత తీరిగ్గా
పిల్ల తల నములుతోంది.
పెదవి అంచున బూడిదరంగు నూగు.
కళ్ళు మాత్రం అవే,
ఏ కవి పోల్చినా కాదనలేని కళ్ళు.

రాయి అందుకున్నాను.
మట్టిచేత్తో మర్డీనా నా మణికట్టు పట్టుకుంది.
"ఈ నేలలో సున్నం లేదు.
పాలు తాగే కూనకి ఎముకలు
ఎక్కణ్ణుంచి తెస్తుందనుకున్నావ్?"
అని మళ్ళీ బొరియలోకి వంగింది.

లేడి, తలలేని రెక్కల్ని గడ్డిలో వదిలేసి
మంచులోకి వెళ్ళిపోయింది,
పరుగెత్తకుండానే.

నూట పదకొండో గీత ఉంచాలో కొట్టెయ్యాలో
నేను అడగలేదు.
ఆ రాత్రి పాలు తాగి
నాలుకతో నా పళ్ళని
ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.