మొదటి వారం దొంగ

‘ఎర్రజీపు’ మొదటి భాగం వచ్చిన మంగళవారం
బ్రాడీపేట నాలుగో లైనులో
కోటిలింగం గారి వరండా కిక్కిరిసింది.
మేం కిటికీ ఊచల బయట,
నేను సున్నపు డబ్బా బోర్లించి దాని మీద.

బ్లాక్ అండ్ వైట్ టీవీ.
జీపు బూడిద రంగులో వచ్చింది.
మిరపకాయలూ బూడిద రంగులోనే.
అసలు రంగు చూసింది ఆ గుంపులో నేనొక్కదాన్నే.
షూటింగు రోజు నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళింది నేనే కదా.

ఆ రోజు మిర్చి యార్డులో
ఇన్‌స్పెక్టర్ ప్రభంజన్ టిక్కీల మధ్య పరుగెత్తాలి,
దొంగ వాటి వెనక నక్కాలి,
ఘాటుకి తట్టుకోలేక తుమ్మాలి.
ఆ తుమ్ముతో కేసు తేలిపోతుంది.
కథ రాసినాయన ఎన్నడూ యార్డు గడప తొక్కలేదు.

దొంగకి తుమ్ము రాలేదు.
దొంగ మా నాన్న, నాగుల్ మీరా.
పదమూడేళ్ళుగా అక్కడే బస్తాలు మోస్తున్న మనిషికి
ఆ గాలి ఉట్టి గాలే.
ప్రభంజన్ గారే పాపం
జీపు దిగిన దగ్గర్నుంచీ ఆగకుండా తుమ్ముతున్నాడు.
మీసం ఊడింది. అతికించారు.
మళ్ళీ ఊడింది.
తొడిమలు తీసే ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.
“తుమ్మవయ్యా బాబూ” అన్నాడు డైరెక్టరు.
“రావట్లేదండీ” అన్నాడు నాన్న, తప్పు చేసినవాడిలా.
చివరికి గుమాస్తా సూరయ్య
బొడ్లోంచి ముక్కుపొడి డబ్బీ తీసి
రెండు చిటికెలు దానం చేశాడు.

అలా దొరికాడు మా నాన్న.
యాభై రూపాయలు, ఒక పులిహోర పొట్లం.

టీవీలో బేడీలు పడగానే వరండా అంతా చప్పట్లు.
మా అమ్మ కూడా కొట్టింది,
తర్వాత తన చేతులకేసి చూసుకుంది.
నాన్నకి మాత్రం ఒకటే దిగులు.
“నాకేం తెలీదు సార్” అనే ఆ ఒక్క మాటా
హైదరాబాదులో ఎవడో పలికాడు.
“నా నోట్లో ఇంకోడి గొంతు పెట్టారే” అని
అన్నం దగ్గర మూడుసార్లు అన్నాడు.

ప్రభంజన్ ఆ తర్వాత ఏడాదిన్నర పాటు
వారానికొకణ్ణి పట్టుకుంటూనే ఉన్నాడు.
మా క్లాసులో నోటుపుస్తకాల అట్టల మీద ఆయనే.
మొదటి వారం దొంగకి రెండో వారం లేదు,
మర్నాడు పొద్దున్నే యార్డుకి పోవాలి.
“సంచీ చూపించు” అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్, నవ్వుతూనే.
నెల తర్వాత కూడా అన్నాడు.
అప్పుడు నవ్వలేదు.

ఆ వేసవిలో లాలాపేటలో ఏదో కొట్టు తాళం పగిలింది.
“ఈ మొహం ఎక్కడో చూశానే” అని
ఒక కానిస్టేబుల్ నాన్నని సైకిల్ దింపాడు.
“నాకేం తెలీదు సార్.”
ఈసారి సొంత గొంతే.
ఎవరూ నమ్మలేదు.
తెల్లారాక ఎస్సైకి వెలిగి,
పొట్ట పట్టుకుని నవ్వి, టీ తెప్పించాడట.
ఆ టీ తాగాలో వద్దో తేలక
చల్లారిందాకా గ్లాసు పట్టుకునే కూచున్నానని చెప్పాడు నాన్న.
తాగిందీ లేనిదీ చెప్పలేదు.

మొన్న మా అమ్మాయి
ఆ మొదటి భాగం ఎక్కణ్ణుంచో ఫోన్‌లోకి పట్టుకొచ్చింది.
రంగుల్లో ఉంది!
జీపు ఎరుపు, కాయలు ఎరుపు,
నాన్న చొక్కా మాత్రం పచ్చది.
ఇన్నేళ్ళూ నీలం అనుకుంటూ వచ్చాను.

తుమ్ముకి ముందు ఒక్క క్షణం ఉంది.
ముక్కుపొడి ఇంకా పనిచెయ్యలేదు,
బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది,
దొంగ కెమెరా వైపూ చూడడు, పోలీసు వైపూ చూడడు.
తల కొంచెం పక్కకి తిప్పుతాడు.

“అక్కడెవరూ లేరు కదమ్మా,
ఎటు చూస్తున్నాడు తాత?”

అక్కడ క్యారేజీ పట్టుకుని నేనున్నాను.
ఎండలో నిలబడ్డావేంటే, నీడకి పో
అంటున్నాడు.